కొర్రీ బావ రాసిన రెండు ‘లేదు’లు

మా అక్క మొగుడికి ‘కొర్రీ బావ’ అని పేరు పెట్టింది నేనే. ఏం పని చేస్తావు బావా అంటే, “క్వెరీలు రాస్తాను” అన్నాడు. నాకు తెలిసిందల్లా ఆఫీసుల్లో ఫైలు కదలకుండా వేసే కొర్రీలు. వాటిక్కూడా జీతమిస్తారా అని నోరు వెళ్ళబెట్టాను. పేరు మాత్రం అతికినట్టు సరిపోయింది. మంచినీళ్ళు తెమ్మంటే “ఏ బిందెలోవి? ఏ గ్లాసులో? నిండానా, సగమా?” అని తేల్చుకున్నాకే కదిలే మనిషి. ఈలోగా దాహం వేసినవాళ్ళే వెళ్ళి తాగి వచ్చేస్తారు.

పాత కంపెనీ మూతపడ్డాక బావ చాలాకాలం ఇంట్లోనే ఉన్నాడు. “మీ ఆయనకి ఉద్యోగం...” అని ఎవరైనా మొదలుపెడితే చాలు, అక్క “లేదు” అనేసి కూర తరగడంలో పడిపోయేది. ఆ ‘లేదు’ నేను వినలేకపోయేదాన్ని. అందుకే నేను పనిచేసే లాండ్రీ యజమానురాలి కాళ్ళావేళ్ళా పడి ఆయన్ని పనిలో పెట్టించాను.

మాది హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి గౌనులు ఉతికే పెద్ద లాండ్రీ. డాబా మీద ఆరవేతలన్నీ నా ఇలాకా. వాన నాకు బద్ధశత్రువు. బావ వచ్చీ రాగానే దాని పని పడతానన్నాడు.

“వాతావరణం చెప్పే వెబ్ సర్వీసు ఒకటుంది. దాన్ని మన ఆర్డర్ల సాఫ్ట్‌వేర్‌కి కలుపుతా. నేనో క్వెరీ, అంటే కంప్యూటరుకి ఓ ప్రశ్న, రాశానంటే వాళ్ళ సమాచారం మన పట్టికలోకే వచ్చి కూర్చుంటుంది. ఆర్డరు పక్కనే ‘వాన’ అని ఓ గడి. ఇక ఆకాశం చూడక్కర్లేదు మరదలా, స్క్రీను చూస్తే చాలు!”

అన్నట్టే కలిపాడు. గడిలో ‘ఉంది’ అని వస్తే బట్టలు లోపల, ‘లేదు’ అని వస్తే డాబా మీద. కొన్నాళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. యజమానురాలు వచ్చినవాళ్ళందర్నీ పిలిచి ఆ గడి చూపించేది.

అప్పుడు దిగింది నాటకశాల వాళ్ళ తెర. ఎర్ర మఖమల్‌ది, ఏనుగంత ఉంది. మర్నాడు సాయంత్రమే వాళ్ళ కొత్త నాటకం.

“ఈ తెర విషయంలో తేడా వచ్చిందో, ఆ గడీ ఉండదు, గడి పెట్టినవాడూ ఉండడు” అంది యజమానురాలు, బావకి వినపడేలా.

తెర ఉతికి డాబా ఎక్కించేసరికి స్క్రీను మీద ‘వాన: లేదు’ అని ఉంది. ఆకాశం మాత్రం కాటుక పెట్టుకుంది.

“మేడం, మబ్బు పట్టిందండీ” అన్నాను.

“కంప్యూటరు లేదంటుంటే మధ్యలో నీ మబ్బేంటమ్మా? వెయ్యి!”

వేశాం. వేసి చేతులు దులుపుకున్నామో లేదో, కుండపోత. నానిన మఖమల్‌ని ఈడ్చుకుంటూ కిందికి తెచ్చేసరికి మెట్ల మీది మురికంతా దానికే అంటుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. యజమానురాలికి ఇంకా ఎక్కువ మండింది.

“ఏమయ్యా, వాన లేదన్నావు?”

“నేననలేదండీ. ఆ సర్వీసు పొద్దున్నుంచీ జవాబివ్వలేదు.”

“మరి స్క్రీను మీద లేదని ఉందిగా?”

“లేనిది వాన కాదండీ. జవాబు.”

“వాన ఉంది కదయ్యా!”

“ఉందండీ. జవాబే లేదు. ఖాళీ గడి చూడ్డానికి బాగుండదని, ఏమీ రాకపోతే ‘లేదు’ అని చూపించమని క్వెరీలో రాశాను.”

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. వాడు మా బావకి దూరపు చుట్టమై ఉంటాడు.

“అంటే వాన లేకపోయినా లేదే, ఉందో లేదో తెలియకపోయినా లేదేనా? తెలియనప్పుడు తెలియదని చెప్పడానికి నీకేం రోగం?”

బావ తల వంచుకున్నాడు. “మార్చేస్తానండీ.” గొంతు తగ్గించి అడిగాడు. “నా ఉద్యోగం ఉందాండీ, లేదా?”

“తెలియదు. తెర ఆరాక చెప్తా.”

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇంటికెళ్ళాక అక్క అదే ప్రశ్న అడిగితే బావ అదే జవాబు చెప్పాడు.

“పోన్లే, లేదనలేదుగా” అని అక్క అన్నం వడ్డించింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తెరని మళ్ళీ ఉతికి, ఇస్త్రీ మరలుండే హాల్లో ఆ వేడికి వేలాడదీశాం. బావ పెద్ద ఫ్యాను పక్కనే కాపలా కూర్చుని, దాన్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి చుక్క తడి లేకుండా ఆరింది. నాటకశాల వాళ్ళు మెచ్చుకుని మరీ పట్టుకెళ్ళారు.

ఆ తర్వాత యజమానురాలు డాబా మీదికొచ్చి గుమ్మం పక్కనున్న స్క్రీను చూసింది. ‘వాన: తెలియదు’ అని ఉంది.

“ఇవాళా పలకట్లేదా అది? నువ్వే చూసి చెప్పమ్మా.”

తలెత్తి చూశాను. ఎండ ఫెళ్ళుమంటోంది. ఉత్సాహం పట్టలేక “లేదు!” అని కేకపెట్టాను.

తన సంగతి తెలుసుకుందామని మెట్ల మీద నిలబడ్డ బావ ఆ కేక విన్నాడు. ఒక్క ప్రశ్న కూడా వేయకుండా వెనక్కి తిరిగాడు. బావ అలా ప్రశ్న మింగెయ్యడం నేనెన్నడూ చూడలేదు. టిఫిన్ బాక్సు తీసుకుని గేటు వైపు నడుస్తున్నాడు.

యజమానురాలు పిట్టగోడ మీంచి వంగి అరిచింది. “ఏమయ్యా, ఎక్కడికి? లేనిది వాన! ఉద్యోగం ఉంది!”

బావ ఆగాడు. బాక్సు చంకలోకి మార్చుకుని పైకి చూశాడు.

“ఏ ఉద్యోగమండీ? పాతదేనా, కొత్తదా?”