బుధవారం నాటి ఒక్కపొద్దు

తార్నాక బస్టాపులో, యూనివర్సిటీ లోపలికి వెళ్లే బస్సు కోసం కూర్చుని ఇడ్లీ డబ్బా తెరిచాను. పక్కన నాకంటే నాలుగేళ్లు పెద్దదానిలా, అరవైకి దగ్గర్లో ఉన్న ఒకామె కూర్చుని ఉంది. తినమని ఆమెకు ఒక ఇడ్లీ అందించాను.

"వద్దు చెల్లె. ఇయ్యాల శనివారం. ఒక్కపొద్దున్న."

"ఇయ్యాల బుధవారం కదక్కా," అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. "నిన్న గూడ శనివారమనే ఉన్న గదా! మొన్న గూడ. రాత్రి ఇంత చాయ్ తాగి పండుకున్న." నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "సరిగ తినకపోతే మతిమరుపు ఇంకా ఎక్కువైతదని డాక్టర్ చెప్పిండు. గదొక్కటే యాదికున్నది."

ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి. ఇడ్లీ ఆమె చేతిలో పెట్టాను. నోట్లో పెట్టుకునే ముందు మళ్లీ అడిగింది. "పక్కా బుధవారమేనా?"

పక్కా అన్నానే గాని, నేనూ ఫోన్ తీసి చూసుకున్నాను. తర్వాత ఆమె ఫోన్‌లోంచే వాళ్ల కూతురితో మాట్లాడి, ఆ అమ్మాయి వచ్చేదాకా రెండు బస్సులు వదిలేశాను.

శనివారాలు నేనూ ఒక్కపొద్దుంటాను. ఇప్పుడు పొద్దున్నే ఫోన్‌లో వారం చూసుకుంటాను. చూసుకున్నాక కూడా పక్కింటావిడను అడుగుతాను.

మొన్న ఆవిడ నా వైపు అదోలా చూసి, "ఇప్పుడే గదా అక్కా, అడిగి పోయినవ్?" అన్నది.