మా ఇంట్లో పలకని ఖుష్బూ

మా చిన్నప్పుడు... రేపల్లెలో మా తలుపు కొట్టే ఆడవాళ్ళు గుమ్మం దాటి లోపలికి వచ్చేవారు కాదు. కొంగు తల మీదికి లాక్కుని, నేల చూస్తూ, "ఖాలా... ఖుష్బూ తీసుకుని రండి" అనేవారు. అంతే. వాళ్ళు ఖాలా, అంటే పిన్నీ అని పిలిచే మా నానీ, అమ్మీ వాళ్ళ అమ్మ, పొయ్యి ఆర్పేసి బయల్దేరేది.

ఖుష్బూ అంటే మంచి వాసనేనండి. అందరిళ్ళలోనూ అది పండగ మాట... కానీ మా వీధుల్లో ఆడవాళ్ళెవరైనా పోతే స్నానం చేయించి, కర్పూరం రాసి, ఒంటికి చుట్టే కఫన్ గుడ్డకు అత్తరు పూసేది మా నానీయే. చావన్న మాట నోటితో అనలేక జనం ఈ మాట అనేవారు. అందుకే మా ఇంట్లో దాన్ని పలికేవాళ్ళం కాదు. బిర్యానీ అయినా, మల్లెపూలైనా "కమ్మగా ఉంది" అనాల్సిందే. నేను నోరు జారితే నానీ చెయ్యి నా నోటి మీద పడేది.

ఒక ఏడు అమ్మీని కాన్పుకి తెనాలి తీసుకెళ్ళారు. నా కోసం నానీ ఇంట్లో ఉండిపోయింది. కబురు రావడం లేదు... నానీ సేమియా వేయిస్తూ మాటిమాటికీ వీధి వైపు చూసేది. తలుపు చప్పుడైతే చాలు, వెళ్ళి నానీ కొంగు పట్టుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం మా నాన్న, అబ్బా వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. చెప్పులు విప్పలేదు. నా వైపు చూడలేదు.

"ఏంటి బాబూ, లోపలికి రా. పిల్లెలా ఉంది?" అంది నానీ.

"అత్తమ్మా... ఖుష్బూ..." అన్నాడు అబ్బా.

నానీ పొయ్యిలో నీళ్ళు పోసింది.

తమ్ముడు దక్కాడు. అమ్మీ దక్కలేదు. ఎవరెంత వద్దన్నా వినకుండా తన బిడ్డకు తనే స్నానం చేయించింది నానీ. ఆ తర్వాత కూడా ఎవరు పిలిచినా వెళ్ళింది. నేను మాత్రం చెవులు మూసుకునేదాన్ని.

ఇప్పుడు అలా గుమ్మం ముందుకు ఎవరూ రావడం లేదు... కబురు ఫోన్లో వస్తోంది, కఫన్ సామాను ప్యాకెట్లో దొరుకుతోంది. మా అమ్మాయి కాలేజీకి వెళ్తూ సెంటు కొట్టుకుని, "ఖుష్బూ ఎలా ఉందమ్మీ?" అంటుంది. దానికది వట్టి మంచి వాసన. అలాగే ఉండనీ అని, "కమ్మగా ఉంది" అంటాను.

మీ ఇళ్ళల్లోనూ ఇలా ఎవరూ పలకని మంచి మాట ఉండేదా? ఉంటే చెప్పండి... కాస్త మెల్లగా చెప్పండి.