ఆకివీడులో నా సిమ్లా

సిమ్లాలో ఉంటున్న మా చెల్లెలు వాణి పొద్దున్నే ఫోటో పంపింది. ఎర్ర స్వెట్టరు, చేతిలో పొగలు కక్కే టీ. కింద "అక్కా, ఇక్కడ అప్పుడే చలి మొదలైపోయిందే" అని రాసింది. మా ఆకివీడులో దసరా వెళ్లిపోయింది గానీ ఉక్కపోత వెళ్లలేదు. కట్టుకున్న చీర కట్టుకున్నట్టే ఒంటికి అతుక్కుపోతోంది. నిజం చెప్పాలంటే కుళ్లుకుని చచ్చాను.

మధ్యాహ్నం చేపల ప్యాకింగ్ షెడ్డులో ఉన్న మావారికి క్యారేజీ ఇవ్వడానికి వెళ్తూ, బీరువాలోని శాలువా కూడా పట్టుకెళ్లాను. అక్కడ లారీలోకి ఎక్కించే చేపల కోసం కొట్టిన ఐసు గుట్టగా పోసి ఉంది. శాలువా కప్పుకుని దాని ముందు నిలబడ్డాను.

"ఏవండీ, ఒక ఫోటో తియ్యండి. వెనకాల మంచుకొండలా పడాలి."

"ముందు ఆ చెమట తుడుచుకో," అన్నారాయన.

తుడుచుకుని, వణుకుతున్నట్టు నవ్వి, "మాకూ చలేనే" అని వాణికి పంపాను.

సాయంత్రం జవాబొచ్చింది: "శాలువా బావుందక్కా. మంచులోంచి బొచ్చె చేప తోక కూడా బాగా పడింది."

మీ ఊళ్లో చలి వచ్చేసిందాండీ? వచ్చిన ఊరివాళ్లు దయచేసి నాకు చెప్పకండి. రాని ఊరివాళ్లు శాలువా తెచ్చుకోండి, షెడ్డులో ఐసు ఇంకా ఉంది.