ఒక్క హోలే కదా అనుకున్నాను

కంచరపాలెంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నాకో చిన్న డ్రిల్లింగ్ మిషను ఉంది. ఈ రోజు ప్లాంటుకి సెలవు కదా అని గేటు గడియ కోసం ఒక ఇనప పట్టీకి హోల్ వేయబోయాను. పట్టీని బిగించే వైస్ బల్ల కింద పెట్టెలో ఉంది. ఒక్క హోలుకి దాన్నెవడు పైకి తీస్తాడని ఎడమ చేత్తోనే పట్టీని అదిమి పట్టుకున్నాను.

డ్రిల్ బిట్ పట్టీ అడుగు దాటే క్షణంలో దాన్ని కొరికి పట్టింది. పట్టీ నా చెయ్యి విదిలించుకుని, గిర్రున తిరిగి, ఊడి ఎదుటి రేకు గోడకి తగిలింది. నాకు బొటనవేలు గీరుకుపోయింది, అంతే. కానీ నిమిషం ముందు మా ఆవిడ నాకు టీ ఇచ్చి, ఆ గోడకే ఆనుకుని నిలబడి, అప్పుడే లోపలికి వెళ్లింది. సొట్ట సరిగ్గా ఆమె మొహం ఎత్తులో పడింది.

చప్పుడుకి పరుగెత్తుకొచ్చింది. "ప్లాంట్లో కూడా ఇలాగే సేత్తారేటండీ?"

"అక్కడ ఊరుకోరే. బిగించకుండా మిషను ముట్టుకోవద్దని కొత్తోళ్లకి సెప్పీది నానే."

"మరి ఇక్కడ సెప్పీవోళ్లు లేరనేటి?"

ప్రమాదం జరగని రోజులు ఎన్నో చూపించే బోర్డు మా ప్లాంటు గేటు దగ్గర ఉంటుందని ఒకప్పుడు ఆమెకి గొప్పగా చెప్పాను. అది గుర్తుపెట్టుకున్నట్టుంది. సుద్దముక్క తెచ్చి, గోడ మీద "ప్రమాదం లేని రోజులు" అని రాసి, పక్కనున్న ఆ సొట్ట చుట్టూ సున్నా చుట్టి వెళ్లిపోయింది.

వైస్‌ని పైకి తీసి బల్లకి బోల్టులతో బిగించేశాను. మీ ఇంట్లో ఆ బోర్డు పెడితే ఈ రోజు అంకె ఎంత, నిజం చెప్పండి? రేపు నేను సున్నా చెరిపి ఒకటి వేసుకోవచ్చు. సొట్ట మాత్రం చెరగదు.