మామిడి ముక్క పరీక్ష: చర్ల దారిలో ఒక పీహెచ్‌డీ సీటు కోసం

భద్రాచలం వైపు నేను వెళ్లింది భక్తితో కాదు, అడవి మీద ప్రేమతోనూ కాదు. మా విశ్వవిద్యాలయంలో ప్రత్యేక విద్య విభాగానికి ఆ ఏడాది కొన్ని కొత్త పరిశోధక సీట్లు వచ్చాయి. వికలాంగ పిల్లలకు చదువు చెప్పే టీచర్లలో గిరిజనుల నుంచి, మైనారిటీల నుంచి వచ్చినవారికి నెలనెలా భృతి ఇచ్చి పీహెచ్‌డీ చేయించే పథకం అది. రిటైరయిన నన్ను ఎంపిక సంఘంలో బయటి సభ్యుడిగా కూర్చోబెట్టారు. సంఘానికి అధ్యక్షుడు నా పాత సహోద్యోగి. ఇక్కడ ఆయన్ని ఆచార్యులవారు అంటే చాలు. ఉద్యోగకాలమంతా పక్కపక్క గదుల్లో కూర్చుని, ఒకరి వ్యాసాన్ని మరొకరు ఒక్కసారైనా మెచ్చుకోని వాళ్లం. సీట్లలో ఒకటి నాగమణి అనే కోయ టీచరుకు వచ్చింది. ఆమె చేరలేదు, ఫోను కలవలేదు. చేరడానికి గడువు సోమవారం. అది దాటితే ఆ సీటు జాబితాలో తర్వాత ఉన్న ఆచార్యులవారి శిష్యుడికి పోతుంది. అది జరగకూడదని శనివారం బయలుదేరాను. పంతం ముసలి మోకాళ్లను కూడా నడిపిస్తుంది.

ఖమ్మం బస్టాండులో తెల్లవారుజాము నుంచే భద్రాచలం బస్సులుంటాయి. ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మూడు గంటల పైచిలుకు ప్రయాణం, టికెట్టు అరవై రూపాయల లోపే. కొత్తగూడెంలో బస్సు టిఫిన్‌కు ఆగుతుంది. అక్కడి ఇడ్లీ గురించి మంచి చెప్పలేను, చట్నీ గురించి చెడు చెప్పలేను. పాల్వంచ దాటాక అడవి మొదలవుతుంది, కానీ రోడ్డు పక్క ఎక్కువగా కనిపించేది జామాయిల్ తోటలే. సారపాకలో పేపరు మిల్లుకు వెదురు మోసుకెళ్లే లారీల వెనక కొంతసేపు ఇరుక్కుని, తర్వాత గోదావరి వంతెన దాటాం. ఏప్రిల్ కావడంతో నదిలో నీళ్లకన్నా ఇసుక ఎక్కువ. బస్టాండు బయట ఒకామె గంపలో మామిడికాయలు అమ్ముతుంటే, పిల్లల దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లడమెందుకని ఒక సంచీ నిండా కొన్నాను.

ఆటో డ్రైవరు నా సంచీని, చెప్పులను చూసి, “గుడికేనా పెద్దాయనా?” అన్నాడు.

“కాదు. చర్ల రోడ్డులో ఒక గూడేనికి.” ఊరి పేరు చెప్పాను.

“దర్శనం చేసుకోకుండ గూడేలకు పోయేటోల్లు రెండే రకాలు. సర్వే చేసేటోల్లు, చిట్టీల పైసలు వసూలు చేసేటోల్లు. నువ్వేంది?”

“మాస్టారిని.”

“అయితే సర్వేనే. కూసో.”

రానూపోనూ రెండు వందల యాభైకి ఒప్పుకున్నాడు, అక్కడ ఆగడంతో సహా. తారు రోడ్డు దిగాక దారి ఎర్రమట్టిది. ఎండాకాలం కాబట్టి ఇబ్బంది లేదు, వానాకాలంలో ఆటో రాదట.

అంగన్‌వాడీ పక్క గదిలో నాగమణి అయిదారుగురు పిల్లలతో పూసలు గుచ్చిస్తోంది. ముప్పై ఏళ్లుంటాయి. నన్ను గుర్తుపట్టి లేచింది గానీ సంతోషించలేదు. నేను పిల్లలకు తలొక మామిడికాయ ఇచ్చాను. ఒక్కరూ కొరకలేదు. ఉంగి అనే ఎనిమిదేళ్ల పిల్ల కాయను చేతిలో తిప్పి చూసి, వాసన చూసి, కిటికీ గట్టు మీద జాగ్రత్తగా పెట్టి మళ్లీ పూసల్లో పడిపోయింది. ఆ పిల్లకు వినికిడి చాలా తక్కువని నాగమణి చెప్పింది.

గడపలో కూర్చున్న ఉంగి నాయనమ్మ నన్ను చూసి నవ్వింది. “ఏం సారువయ్యా నువ్వు! పండుగ గాకముందుకే కాయ తెస్తివి. నువ్వే తిను. కడుపుల నొస్తే మమ్ముల అనకు.”

ఆ గూడెంలో మామిడి పండుగ చేసి, తొలికాయ వేల్పుకు పెట్టేదాకా ఎవరూ మామిడి తినరు. ఆ ఏడు పండుగ ఇంకా కాలేదు.

నాగమణి మాత్రం నవ్వలేదు. పిల్లల్ని అన్నానికి పంపి, “నేను రానిది దీనికే సార్,” అంది.

“మామిడికాయకా?”

“ఇంటర్వ్యూల మీరు గూడ ఉన్నరు గద. ‘మీవాళ్ల ఆచారాలు నీకు తెలుసు కదమ్మా’ అని పెద్దసారు అడిగిండు. అవ్ సార్, తెలుసు అన్న. ఆ మాటకే సీటిచ్చిన్రు. మా నాయిన సారపాక మిల్లుల కాంట్రాక్టు కూలి. నేను ఆడ కిరాయి ఇంట్ల పెరిగిన, తర్వాత హాస్టల్ల. నాకేం తెలుసు? పోయిన ఎండాకాలం ఉంగికి తెలివి పరీక్ష పెట్టింది నేనే. మామిడి ముక్క ఇచ్చి, తీసుకో, వాసన చూడు, కొరుకు అని సైగ చేసిన. తీసుకుంది, వాసన చూసింది, పక్కన పెట్టింది. మల్ల ఇచ్చిన, మల్ల పెట్టింది. ‘చెప్పింది చెయ్యదు’ అని రాసిన. వినపడక కొన్ని మార్కులు పోయినయ్, గిట్ల కొన్ని పోయినయ్. బుద్ధిమాంద్యం అని సర్టిఫికెట్ వచ్చింది. అది చూసి చెవిటి పిల్లల బడోల్లు వాపస్ పంపిన్రు. ఇంటర్వ్యూ అయినంక ఈ అవ్వ చెప్తే తెలిసింది నాకు, ఆ పరీక్ష నాటికి పండుగ కాలేదని.”

“నువ్వు రాకపోతే ఆ సీటు ఎవరికి పోతుందో తెలుసా? అతను గూడెం ముఖమే చూడలేదు.”

“ఆయనకు తెల్వకపోతే, నాకు తెలిసినట్టయితదా సార్?”

 నేను మాట మార్చి ఇంకో సంగతి చెప్పాను. ఆ పరీక్ష విదేశీయులది. తెలుగులోకి తెచ్చింది ఆచార్యులవారే. మూలంలో ఉన్నది ఆపిల్ ముక్క. మన పిల్లలకు ఆపిల్ కొత్త గనుక మామిడి పెట్టి, స్థానిక సంస్కృతికి తగినట్టు మార్చామని ఆయన ముందుమాటలో రాసుకున్నారు. దానికి సభ జరిగింది, శాలువా కప్పారు. నేనూ వెళ్లాను, భోజనం బాగుంది.

నాగమణి కిటికీ గట్టు మీది మామిడికాయను చేతిలోకి తీసుకుంది. “అన్ని జిల్లాలల్ల ఇదే పరీక్షనా?”

“ఇదే.”

“అన్ని గూడేలల్ల, ఎండాకాలంల?”

“పిల్లలకు ఈ పరీక్ష క్యాంపులు పెట్టేది సెలవుల్లోనే కదా.”

“అయితే సోమారం వస్త సార్. సీటు వచ్చినప్పుడే పక్క మండలం టీచరు వారానికి రెండు రోజులు వీళ్లను చూస్తనన్నది.”

నా పని అయిపోయిందనుకున్నాను. ఆమెకు గైడుగా ఉండదగ్గ ఇద్దరి పేర్లు, ఆచార్యులవారంటే గిట్టనివాళ్లవి, మనసులో సిద్ధంగా ఉన్నాయి. చెప్పబోయాను.

“వద్దు సార్. పెద్దసార్నే అడుగుత.”

“ఆయన్నా? తన పరీక్షలో తప్పుందని ఆయన ఒప్పుకుంటాడా?”

“ఒప్పుకునేదాంక రోజు పొద్దుగాల పోయి ఎదురుంగ కూసుంట. ఆ పరీక్ష మార్చాల్నంటే ఆయనే మార్చాలె గద. మీరు రిటైరయిండ్రు.”

అవ్వకు మా మాటలు ఎంత అర్థమయ్యాయో తెలియదు. “పోతే పో గని పండుగ నాటికి రా,” అని నాగమణి వీపు మీద ఒకటి చరిచింది. “ఈసారన్న నేర్సుకుందువు.”

సోమవారం ఆమె చేరింది. ఆచార్యులవారు ఆమెను తన కిందే తీసుకున్నారని తర్వాత విన్నాను. ఉంగికి మళ్లీ పరీక్ష పెట్టాలన్నది ఆమె పెట్టిన మొదటి అర్జీ. దాని మీద ఆయన సంతకం చేశారట, ఏ మొహంతో చేశారో చూసే భాగ్యం నాకు లేదు. ఆయన పరీక్ష మీద నేను ఎన్నో వ్యాసాలు రాశాను. అవి చదివినవాళ్లు ఆయన శత్రువులు మాత్రమే, వాళ్లకు అప్పటికే నమ్మకం కుదిరి ఉంది. పరీక్షను మార్చగలిగిన ఒక్క మనిషి ఎదుట కుర్చీ వేసుకోవాలని తోచింది నాగమణికి. ఆయన మీద గెలవడానికి నేను తెచ్చిన మనిషి, తన తప్పును దిద్దుకోవడానికి ఆయన దగ్గరికే వెళ్లింది. ఆచార్యులవారికి మంచి విద్యార్థిని దొరికింది. ఆయన అదృష్టం ఎప్పుడూ ఇంతే.

రైల్లో రావాలనుకునేవారికి ఒక మాట: ‘భద్రాచలం రోడ్డు’ అనే స్టేషను పేరు చూసి ఊళ్లోనే దిగుతామనుకోకండి. అది కొత్తగూడెంలో ఉంది. అక్కడి నుంచి భద్రాచలానికి ఇంకా నలభై కిలోమీటర్లు బస్సులో పోవాలి.