నిలబడి గీసిన బొమ్మలు

ఆ ఏడాది మా కాలేజీలో రెండు నిమిషాల యానిమేషన్ సినిమా తీయడానికి అనుమతి రావాలంటే ముందు స్కెచ్‌బుక్ నెగ్గాలి. నాంపల్లి స్టేషన్‌లో, మొజంజాహీ మార్కెట్‌లో తిరిగి మనుషుల్ని అక్కడికక్కడే చూస్తూ గీయాలి. మూడు వారాల్లో పుస్తకం నింపేశాను. నా గీత మీద నాకు నమ్మకం ఉండేది.

డ్రాయింగ్ చెప్పే మేడమ్ పేజీలు తిప్పుతూ నవ్వారు.

"అందరి నడినెత్తులే కనవడుతున్నయ్ ఏంది? మేడ మీదకెల్లి గీసినవా?"

ఆమె ఇంకో పేజీ తిప్పారు.

"నిలబడి గీసినవ్. వాళ్లు కూసున్నకాడ నువ్వు గూడ కూసోవాలె గదా! వారం టైమిస్తున్న. లేకుంటే ఈ ఏడు నీకు సినిమా లేదు."

నిజమే. మా ఇంటి మగవాళ్ళు వీధిలో నేల మీద కూర్చోరు. అబిడ్స్‌లో తాతగారి బట్టల దుకాణం చేతులు మారింది, ఇప్పుడక్కడ ఫోన్లు అమ్ముతున్నారు. మేం సుల్తాన్ బజార్ వెనక రెండు గదుల్లో కిరాయికి ఉంటున్నాం. ఆ పద్ధతి మాత్రం మిగిలింది. అది తప్పని నేనిప్పటికీ అనను.

ఐదు రోజులు వాయిదా వేశాను. ఆరో రోజు మార్కెట్ దగ్గర ఫుట్‌పాత్ మీద, గోడకు ఆనుకొని కూర్చున్నాను. ఎదురుగా, రోడ్డుకు వీపు పెట్టి జామకాయలమ్మే ఆవిడ. ఆమె కళ్ళు సరిగ్గా నా కళ్ళ ఎత్తులో ఉన్నాయి.

"బొమ్మల కాయలు గూడ పడాలె బిడ్డా," అందామె.

భుజం గీస్తుండగా కాగితం మీద నీడ పడింది. తాతగారి దగ్గర గుమాస్తాగా చేసిన పెద్దాయన.

"చిన్న సేఠ్! గీడ కూసున్నరేంది? లేవుండ్రి, ఎవలన్న జూస్తరు."

"కాలేజీ పని. పక్కకు జరగండి, ఆమె కనపడటం లేదు."

ఆయన జరగలేదు. రోడ్డుకు నేను కనపడకుండా మా ఇద్దరి మధ్య అడ్డంగా నిలబడ్డాడు.

"మీరు గీసుకోండ్రి. నేనుంట."

ఎంత చెప్పినా కదల్లేదు. వెలుగు తగ్గుతోంది. చివరికి ఆయన్నే గీశాను. పెద్ద చెప్పులు, మోకాళ్ళు, చొక్కా గుండీలు, గడ్డం కింద ముడతలు, ఎక్కడో పైన చిన్న తల. తాతగారి ముందు వంగి నిలబడే మనిషిని అలా చూడటం అదే మొదలు.

ఆ సాయంత్రమే ఆయన మా ఇంటికి వెళ్ళి, నేను ఫుట్‌పాత్ మీద కూర్చున్నానని చెప్పాడు.

"ఎంతసేపు కూసున్నవ్?" అని అడిగింది అమ్మ.

"గంట."

మర్నాడు ఆ ఒక్క పేజీ చూసి మేడమ్ సంతకం పెట్టారు. సినిమా దొరికిందని ఇంట్లో చెప్పాను. అమ్మ తలూపింది. పండ్ల కోసం ఆ మార్కెట్‌కు వెళ్ళడం మాత్రం మానేసింది.