మిన్‌జీ టీవీ ఆపేసిన రోజు

మేముండే షాంటిలీ ఊళ్ళోని కొరియన్ షాపులో కాల్చిన సముద్రపు నాచు వాసన తగలగానే నా చిన్ననాటి ఫ్రెండ్ మిన్‌జీ వాళ్ళ హాలు గుర్తొచ్చింది.

అప్పుడు మాకు ఎనిమిదేళ్ళు. టీవీలో కొరియా, జపాన్ ఫుట్‌బాల్ మ్యాచ్ వస్తోంది. మా జపనీస్ క్లాస్‌మేట్ యుకి నా పక్కనే కూర్చుంది. మిన్‌జీ వాళ్ళ అంకుల్ మాటిమాటికీ ఏదో కొరియన్ మాట అరుస్తున్నాడు. జట్టుని హుషారు చేసే మాటేమో అనుకుని నేనూ గట్టిగా అరిచాను. యుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“అది చీర్ కాదే, జపాన్ వాళ్ళని తిట్టడం!” అంటూ మిన్‌జీ లేచి టీవీ ఆపేసింది. “అంకుల్, యుకి నా ఫ్రెండ్. సారీ చెప్తేనే ఆన్ చేస్తా.”

ఆయన మొహం ఎర్రబడింది. “సారీ, యుకి” అన్నాడు. నేనూ చెప్పాను. మిన్‌జీ మళ్ళీ టీవీ ఆన్ చేసింది.

ఆఖర్లో జపాన్ గోల్ కొట్టి గెలిచింది. యుకి బెరుకుగా మావైపు చూసింది.

“గట్టిగా అరిచెయ్, యుకి!” అంది మిన్‌జీ.

ముగ్గురం సోఫా ఎక్కి గంతులేశాం. అందరికన్నా గట్టిగా అరిచింది మిన్‌జీయే. ఫ్రెండ్ కోసం మిన్‌జీలా సొంతవాళ్ళని ఎదిరించడం ఎంత కష్టమో నాకు పెద్దయ్యాకే తెలిసింది.